గొట్టం పక్కన సన్నని గాలి

మార్చి 4, మంగళవారం

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. చదివేవాళ్ళు మన్నించాలి. చదివేవాళ్ళంటూ ఎవరూ లేరు, నేనొక్కణ్ణే. అయినా ముందే చెప్పుకోవడం మంచిది. మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. పలకలు లేవు. సరస్సు ఒడ్డున తడి ఇసకలో పుల్లతో రాయించేవాళ్ళు. అల వచ్చి తప్పునీ ఒప్పునీ కలిపి తుడిచేసేది. అందుకే నా తప్పులు ఎవరూ దిద్దలేదు.

ఈ నోటుపుస్తకం ఫలేసి ఇచ్చింది. మా మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్లకి మత్తిచ్చేది ఆమే. ఏదో శిక్షణకి వెళితే రెండు ఇచ్చారట. ఒకటి నా చేతిలో పెట్టి, "నోటితో ఎలాగూ చెప్పవు అగోగో, కాగితానికైనా చెప్పుకో" అంది. ముసలివాణ్ణి కదా, ఇక్కడ అందరికీ నేను అగోగోనే.

అది నెల కిందటి మాట. ఇవాళ రాయాలనిపించింది.

నిన్న ఒక పాపకి ఆపరేషన్ జరిగింది. పేరు లుసుంగు. నాలుగేళ్ళు నిండాయి. మరిగే జావ కుండ మీద పడి కాలిన పిల్ల. పుండు మానింది గాని చెయ్యి చంక దగ్గర ఒంటికి అతుక్కుపోయింది. ఆ చంక విడదీశారు. అది బాగానే అయింది.

తర్వాత ఊపిరి సరిగా రాలేదు.

మిగతాది రేపు రాస్తాను.

మార్చి 5

పెద్ద ఆపరేషన్ అయితే మత్తులో ఉన్న పిల్లకి గొంతులోకి ఊపిరి గొట్టం వేస్తారు. అది ఉన్నంతసేపూ ఫలేసి సంచి నొక్కుతూ గాలి అందిస్తుంది. అయ్యాక గొట్టం తీసేస్తుంది. సోమవారం కూడా అలాగే తీసింది. పాప ఊపిరి లోపలికి లాగింది. లాగినప్పుడు కూత వచ్చింది. కూయడం నేర్చుకుంటున్న పుంజు ఉంటుందే, అలా. లాగినప్పుడల్లా పక్కటెముకల సందుల్లో చర్మం గుంటలు పడింది.

ఫలేసి పాపను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుంది. సూదిమందు వేసింది. ముక్కు దగ్గర మందు ఆవిరి పట్టింది. మధ్యాహ్నం దాకా కదల్లేదు.

"ఏడవకు నా తల్లీ, ఏడిస్తే గొంతు ఇంకా మూసుకుపోతుంది. ఏడవకు" అని పాప చెవిలో చెబుతూనే ఉంది. ఏడ్చింది మాత్రం తనే.

మూడు గంటలకి కూత తగ్గింది. అప్పుడు నేనుండే కడుగుడు గదికి వచ్చింది.

"అగోగో, నువ్వు అందించింది నాలుగున్నర సైజు గొట్టమే కదా?"

"నాలుగున్నర సీసాలోదే, మాయి." ఆడవాళ్ళని మేం మాయి అంటాం, అమ్మా అన్నట్టు.

"నాలుగున్నర అయితే ఆ పిల్లకి అంత బిగుతు కాకూడదే!"

నేను బేసిన్లో నీళ్ళు మార్చాను.

అబద్ధం ఆడలేదు. ఆ సీసాలోదే.

మార్చి 6

కడుగుడు గదిలో బల్బు మసకగా ఉంది. మార్చమని చెప్పాలి.

మార్చి 8, శనివారం

నా పని గురించి రాస్తాను. పందొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను.

గొట్టాలు ఒకసారి వాడి పారెయ్యాలని పెట్టె మీద రాసి ఉంటుందట. మాకు పెట్టె ఏడాదికి ఒకసారి వస్తుంది. కాబట్టి నేను కడుగుతాను. సబ్బు నీళ్ళు, సన్న బ్రష్షు, మందు నీళ్ళలో నానబెట్టడం, మళ్ళీ కడగడం, ఆరబెట్టడం. ఆరాక సైజుల వారీగా సీసాల్లో వేస్తాను. మూడు నుంచి ఆరు దాకా, మధ్యలో అరలు. ఏడు సీసాలు. పది పన్నెండు సార్లు కడిగేసరికి గొట్టం మీది అంకె చెరిగిపోతుంది. అప్పుడు కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి, అంకె ఉన్న గొట్టం పక్కన పెట్టి చూసి, ఏ సైజో పోల్చుకుంటాను. ఇన్నేళ్ళలో తప్పలేదు.

ఎవరూ తప్పిందని అనలేదు.

నా కళ్ళు బాగానే ఉన్నాయి.

మార్చి 10, సోమవారం

పాప ఊపిరి బాగుంది. గొంతు లేదు. నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు.

వాళ్ళమ్మమ్మ పేరు న్యచిర్వా. సరస్సు అవతలి ఊరు. ఉసిపా చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. రోగుల వంటపాకలో పొయ్యి దగ్గర ఎప్పుడూ ఆవిడ గొంతే వినిపిస్తుంది. ఇవాళ కర్రపెండలం పిండి కలుపుతూ, అందరికీ వినపడేలా అంటోంది: "మా ఇంట్లో నేను ఒకటంటే ఇది పది అనేది. వీధి చివర నుంచే 'ఓదీ!' అని అరుచుకుంటూ వచ్చేది. దీని అరుపుకి కోళ్ళు కూడా లేచి దారిచ్చేవి. ఇప్పుడు చూడండి, చేప పిల్లలా నోరు ఆడిస్తోంది."

లుసుంగు నిజంగానే నోరు చేపలా ఆడించి చూపించింది. అందరూ నవ్వారు. నేను బకెట్టు తీసుకుని వచ్చేశాను.

మార్చి 11

డాక్టర్ మ్సుక్వా అందర్నీ కూర్చోబెట్టారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

ఫలేసి లేచి చెప్పింది. "తప్పు నాది. గొట్టం దించేటప్పుడే బిగుతుగా తగిలింది. తీసి చిన్నది వెయ్యాల్సింది. గొట్టం పక్కనుంచి కాస్త గాలి బయటికి వస్తోందో లేదో వినాలి. వస్తే సరిపోయినట్టు. రాకపోతే గొంతును ఒరుసుకుంటున్నట్టు. వినబోయాను. జనరేటర్ మోత. మీరేమో చేతులు కడుక్కుని నిలబడి ఉన్నారు డాక్టర్ గారూ. పోనీలే, నాలుగున్నరే కదా అనుకున్నాను."

డాక్టర్ మంచివారే. అరవలేదు. పెద్ద ఆసుపత్రి నుంచి ఎవరైనా వచ్చి చూసేదాకా ఇక్కడ చిన్నపిల్లలకి గొట్టాలు వెయ్యొద్దన్నారు. ఫలేసి పెద్దవాళ్ళకే మత్తివ్వాలన్నారు.

లుసుంగుకి ఇంకో ఆపరేషన్ ఉంది. మోచెయ్యి కూడా కాలి ముడుచుకుంది. అది విడదీయకపోతే వారం వారం ఇంకా బిగుసుకుంటుంది. దానికిప్పుడు పట్నం వెళ్ళాలి. ఒక రోజు ప్రయాణం. అక్కడ వరస వచ్చేసరికి నెలలు గడిచి మళ్ళీ వానలు పడతాయట.

బయట వరండాలో ఫలేసి నా పక్కనుంచి వెళ్ళింది. ఆగి, "నువ్వెందుకు అగోగో అలా ఉన్నావు? నిన్నెవరూ ఏమీ అనలేదుగా" అంది.

మార్చి 12

కొత్త బల్బు వేశారు.

మార్చి 13

కొత్త బల్బు కూడా మసకగానే ఉంది.

మార్చి 16, ఆదివారం

చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకున్నాను. పేజీ అందరితోపాటే తిప్పాను. పాటలు నాకు నోటికి వచ్చు. పుస్తకం ఎందుకు పట్టుకుంటున్నానో ఇవాళ ఆలోచించాను.

మార్చి 17

సాయంత్రం గుమ్మం బయట చప్పట్లు వినిపించాయి. మాలో వాకిట్లోకి వచ్చినవాళ్ళు తలుపు తట్టరు. ఓదీ అని పిలుస్తారు. లోపలివాళ్ళు ఓదినీ అన్నాకే అడుగు పెడతారు. ఈ చప్పట్లు ఎవరివా అని చూస్తే లుసుంగు. ఓదీ అనడానికి గొంతు లేదు కదా. ఒక చేతికి కట్టుంది, బాగున్న చేత్తో తొడ మీద కొడుతోంది.

"ఓదినీ" అన్నాను.

అప్పుడు గాని లోపలికి రాలేదు. మర్యాద తెలిసిన పిల్ల.

చీలిపోయిన పాత గొట్టాలు ఇంట్లో నాలుగున్నాయి, తీగలు చుట్టుకోవడానికి తెచ్చుకున్నవి. వాటితో ఆడుకుంది. ఒకదానిలోంచి నా మొహం మీదికి గాలి ఊదింది. నవ్వింది. నవ్వుకీ చప్పుడు లేదు.

వెళ్ళాక ఏడు సీసాలూ మళ్ళీ చూడాలనిపించింది. కళ్ళతో కాదు.

మార్చి 18

పొద్దున్నే, ఎవరూ రాకముందు, కళ్ళు మూసుకుని గొట్టాలు వేళ్ళ మధ్య నలిపి చూశాను. చిన్నప్పటి నుంచి వలలు అల్లినవాణ్ణి. వేళ్ళకి తెలుస్తుంది. నాలుగున్నర సీసాలో ఆరు గొట్టాలున్నాయి. అందులో రెండు లావు. అయిదున్నరలు అనుకుంటాను.

తప్పు బల్బుది కాదు. కిటికీది కాదు.

మార్చి 19, బుధవారం

చెప్పాను.

ఫలేసి మందుల బీరువా సర్దుతోంది. నేను తలుపు దగ్గర ఓదీ అన్నాను. తలుపు తెరిచే ఉంది, నన్ను చూస్తూనే ఉంది. అయినా అన్నాను.

"ఓదినీ. ఏంటి అగోగో, కొత్తగా?"

"నాకు అంకెలు కనపడవు."

"ఏ అంకెలు?"

"గొట్టాల మీదవి. ఉన్నవీ కనపడవు. సన్నమూ లావూ కూడా సరిగా తెలియడం లేదు. ఆ రోజు లుసుంగుకని నీకిచ్చింది నాలుగున్నర కాదు."

ఆమె చేతిలో సీసా బీరువాలో పెట్టి, తలుపు వేసి, తాళం వేసి, తాళం లాగి చూసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు వానాకాలాలు."

"రెండా! రెండేళ్ళు కళ్ళు కనపడకుండా పిల్లల గొట్టాలు విడదీశావా? నోట్లో నాలుక లేదా నీకు? నా దగ్గరికి వచ్చి ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క..." తాళంచెవి గుప్పిట్లో బిగించింది. "ఎందుకు చెప్పలేదు?"

"ఇంటికి పొమ్మంటారని."

"ఇంటికి పొమ్మంటే?"

ఇల్లంటే ఆసుపత్రి వెనక రెండు గదులు. అక్కడ నేనొక్కణ్ణే. ఇక్కడ నన్ను రోజుకి ఇరవైసార్లు పిలుస్తారు. అది చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

ఆమె నా చెయ్యి పట్టుకుని కడుగుడు గదికి లాక్కెళ్ళింది. సీసాలన్నీ బల్ల మీద బోర్లించింది. కొలిచే పరికరం తెచ్చి ఒక్కోటీ కొలిచింది. ముప్పై నాలుగు గొట్టాల్లో ఏడు తప్పు సీసాలో ఉన్నాయి.

ఏడు.

ఫలేసి ఆ ఏడింటినీ పక్కకి తీసి పెట్టింది. తర్వాత అంది: "అందించింది నీ చెయ్యి. బిగుతుగా ఉందని తెలిసీ తొయ్యడం మాననిది నా చెయ్యి. మనిద్దరం కలిసే డాక్టర్ దగ్గరికి వెళదాం. నడు."

మార్చి 20

డాక్టర్ మ్సుక్వా నా కళ్ళలోకి లైటు వేసి చూశారు. శుక్లాలట. రెండింటికీ. కళ్ళ డాక్టర్లు జూన్‌లో వస్తారు, పేరు రాయించుకోమన్నారు. అప్పటిదాకా కడగొచ్చు గాని, సైజులుగా విడదీయడం ఫలేసి చూస్తేనే అన్నారు. ఇంటికి పొమ్మనలేదు.

ఆ మాట కోసమే రెండేళ్ళు భయపడ్డాను.

ఇంకొకరికి చెప్పాలి. ఇవాళ ధైర్యం చాలలేదు.

మార్చి 22, శనివారం

న్యచిర్వాకి చెప్పాను. ఆవిడ చాప మీద ఉసిపాల్లో ఇసక ఏరుతోంది. పాప కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది. నేను నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. జీవితంలో ఇంత పెద్ద మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆవిడ ఏరడం ఆపలేదు.

"నీకు చూపు లేదని నాకు తెలుసు" అంది చివరికి. "మొదటి రోజు నాకు దణ్ణం పెట్టి, నా పక్కన కట్టేసిన మేకకి కూడా 'బాగున్నారా మాయి' అని పెట్టావు."

నేను తల దించుకున్నాను.

"నవ్వమని చెప్పడం లేదు. కోపం లేదని కూడా చెప్పను. చాలా ఉంది. ఆ రోజు బయట కూర్చుని ఆ కూత విన్నాను చూడు, అది నా చెవుల్లోంచి పోదు." గుప్పెడు ఉసిపాలు పక్కకి వేసింది. "ఇప్పుడు చెప్పు. దీని మోచెయ్యి ఎవరు చేస్తారు?"

"పట్నంలో అంటున్నారు."

"పట్నంలో వాళ్ళకి దీని గొంతు సంగతి తెలుసా? మీకు ఎక్కడ తప్పారో తెలుసు. ఇక్కడే చెయ్యమను. ఆ మత్తిచ్చే అమ్మాయినే చెయ్యమను. నువ్వు కూడా అక్కడే ఉండు."

"నేనేం చేస్తాను? కళ్ళు లేవు."

"కళ్ళు లేకపోతే ఇంకేదైనా వాడు. ముసలాడివి, ఇన్నేళ్ళు బతికావు, ఏదో ఒకటి ఉండే ఉంటుంది."

లేవబోతుంటే ఒక పొట్లం నా ఒళ్ళో పడేసింది. ఎండు ఉసిపా. "ఇది క్షమించినట్టు కాదు. చిక్కిపోయావని" అంది.

మార్చి 24

వల అల్లేటప్పుడు కన్ను ఎంత ఉండాలో కొలవడానికి చెక్క ముక్క వాడతాం. నాది ఇంకా ఉంది, దూలం సందులో. చీకట్లో కూడా దానితో అల్లేవాణ్ణి. కన్ను ఒక్కసారి కూడా చిన్నా పెద్దా అయ్యేది కాదు.

మార్చి 27

పడవలు చేసేచోట చెక్క ముక్క అడిగి తెచ్చాను. ఫలేసి కొత్త పెట్టెలోంచి సైజుకొకటి, ఏడు గొట్టాలు ఇచ్చింది. మేకు ఎర్రగా కాల్చి బెజ్జం పొడవడం, కత్తి మొనతో కొంచెం కొంచెం గీకడం, కొత్త గొట్టం పెట్టి చూడడం. గొట్టం తన బెజ్జంలో దూరాలి. దానికి ముందున్న చిన్న బెజ్జంలో దూరకూడదు. అప్పుడే అది ఆ సైజు. బెజ్జం పక్కన గాట్లు పెట్టాను, వేలికి తగలడానికి: సైజు ఎంతో అన్ని గాట్లు, అరకి సగం గాటు.

నాలుగు రోజులు పట్టింది.

ఏప్రిల్ 3

చెక్క వానకి ఉబ్బింది. నాలుగున్నర బెజ్జంలో నాలుగున్నర దూరడం లేదు. పాడయింది. ఫలేసి కొలిచి పట్టుకుంది. నేను పట్టుకోలేదు.

ఏప్రిల్ 4

పగిలిన ప్లాస్టిక్ బకెట్టు అడుగు పలకలా కోశాను. మందంగా ఉంది. వానకి ఉబ్బదు. కడగడానికీ బాగుంటుంది. మళ్ళీ మొదటి నుంచి.

ఏప్రిల్ 9, బుధవారం

లుసుంగు వచ్చింది, తొడ మీద చప్పట్లతో. గొంతులో ఇప్పుడు గుసగుస వస్తోంది, ఆకుల మీద పురుగు పాకినట్టు.

పలక చూపించాను. ఏడు బెజ్జాలు, ఏడు గొట్టాలు.

"ఇవి ఇళ్ళా?" అంది.

"ఇళ్ళే అనుకో."

ఒక గొట్టం తీసుకుని ఒక బెజ్జం దగ్గర పెట్టింది. తోయలేదు. దాని చివర తన చెవి ఆనించింది.

"ఏం చేస్తున్నావు?"

"ఓదీ అంటోంది. ఇంట్లోవాళ్ళు పలకాలిగా." కాసేపు విని తల అడ్డంగా ఆడించింది. "పలకలేదు. ఇది వీళ్ళిల్లు కాదు." పక్క బెజ్జంలో పెట్టింది. దూరింది. "ఓదినీ అన్నారు."

గుమ్మంలో ఫలేసి ఉంది. ఎప్పుడు వచ్చిందో. పాప మాట విని, అక్కడే గడప మీద కూలబడింది.

"అగోగో, పదేళ్ళుగా నేను చదువుకున్నది ఇదే. కాకపోతే ఎవరూ నాకు ఇంత తేలిగ్గా చెప్పలేదు. గొంతు గుమ్మంలో ఆగాలి. పక్కనుంచి గాలి పలికిందా, ఓదినీ అన్నట్టు. పలకలేదా, వెనక్కి వచ్చెయ్యాలి. అంతే కదా!"

"మరి తోసుకుని వెళితే అమ్మమ్మ కొడుతుంది" అంది లుసుంగు.

ఏప్రిల్ 22

పెద్ద ఆసుపత్రి నుంచి ఒకాయన వచ్చి మూడు రోజులు ఉన్నాడు. సీసాలన్నీ చూశాడు. పలకలో ఒక్కో గొట్టం తనే దూర్చి చూసుకున్నాడు. ఫలేసి తను పెట్టిన పద్ధతులు గోడ మీద అంటించింది: ట్రేలో ఎప్పుడూ మూడు గొట్టాలు, సరిపోయేదీ, దానికంటే అర చిన్నదీ, అర పెద్దదీ. సందేహం ఉంటే చిన్నదే ముందు. బిగుతుగా తగిలితే తోయొద్దు. రెండుసార్లకి మించి ప్రయత్నించొద్దు. గొట్టం దిగాక మూడు ఊపిర్లు అందరూ నిశ్శబ్దం.

ఆఖరిది చదివి డాక్టర్ మ్సుక్వా, "నా థియేటర్ని చర్చి చేస్తున్నారు" అన్నారు.

"చర్చిలో అయితే మీరు కునుకు తీస్తారు డాక్టర్ గారూ. ఇక్కడ వినండి చాలు" అంది ఫలేసి.

పిల్లలకి మళ్ళీ మొదలుపెట్టమన్నారు.

మే 2

ఇవాళ ఒక రెండేళ్ళ బాబుకి. మూడు ఊపిర్ల నిశ్శబ్దంలో నాకు గాలి వినిపించింది. నేను ట్రే దగ్గర ఉన్నాను, నాలుగడుగుల దూరం. ఫలేసి ఇంకా స్టెతస్కోపు గొంతు మీద పెట్టలేదు. "వస్తోంది" అన్నాను. ఆమె పెట్టి విని, నా వైపు చూసింది.

చేపలు పట్టే రోజుల్లో మంచులో పడవ నడపాలంటే చెవులే. రెల్లులో నీటిగుర్రం ఊపిరి విడిచిన చప్పుడు వినకపోతే పడవా ఉండదు, మనమూ ఉండం.

న్యచిర్వా ఇంకేదైనా వాడమంది.

మే 12, సోమవారం

రేపు లుసుంగుకి. గొట్టాలు మూడు వేరుగా పెట్టాను. పలకలో చూశాను. వేళ్ళతో చూశాను. ఫలేసి కొలిచింది. మళ్ళీ పలకలో చూశాను.

మే 13

మెలకువగా ఉన్న పాపను థియేటర్లోకి ఫలేసి ఎత్తుకుని వచ్చింది. చితెంజె గుడ్డలో వీపున కట్టుకుని తెచ్చింది, సొంత బిడ్డని తెచ్చినట్టు. మత్తు ముసుగు పెట్టేముందు పాప నన్ను వెతికింది. అందరం ముసుగులు కట్టుకుని ఉన్నాం. నేను తొడ మీద చప్పట్లు కొట్టాను. గుర్తుపట్టింది.

నిద్రపోయింది.

ఫలేసి నాలుగున్నర అడిగింది. అందించాను. అది నాలుగున్నరే. ఆమె పాప గొంతులోకి చూస్తూ మెల్లగా దించింది. మార్చిలో ఒరుసుకున్న చోట బిగుతుగా తగిలింది. ఆగింది.

"పలకడం లేదు" అంది.

తోయలేదు.

డాక్టర్ చేతులు పైకెత్తుకుని నిలబడి ఉన్నారు. కడుక్కున్న నీళ్ళు మోచేతుల నుంచి కారుతున్నాయి. తొందర పెట్టలేదు. జనరేటర్ మోగుతోంది. ఫలేసి గొట్టం వెనక్కి తీసేసింది. ముసుగు పెట్టి ఊపిరి ఇచ్చింది. ఒకటి, రెండు, మూడు, చాలాసార్లు. పాప పెదాలు ఎర్రగానే ఉన్నాయని చెబుతూనే ఉంది, మాకా, తనకా తెలియదు.

"నాలుగు ఇవ్వు అగోగో."

ట్రేలోని పలక మీద గాట్లు తడిమి, ఆ బెజ్జంలోది ఇచ్చాను. నాలుగు గాట్లు.

దిగింది.

"నిశ్శబ్దం" అంది.

డాక్టర్ స్వయంగా వెళ్ళి జనరేటర్ వైపు కిటికీ తలుపులు భుజంతో మూశారు. తర్వాత చేతులు మళ్ళీ కడుక్కోవాల్సి వచ్చింది.

ఫలేసి సంచి నొక్కింది. ఒక ఊపిరి. నాకేమీ వినపడలేదు. నా గుండె చప్పుడే అడ్డం వచ్చింది. రెండో ఊపిరి. ముందుకి వంగాను. మూడోది.

వచ్చింది. సన్నగా. పాప నోటి మూల నుంచి, రెల్లు ఆకు పక్కనుంచి గాలి పోయినట్టు.

"వస్తోంది" అన్నాను. "వస్తోంది మాయి."

ఫలేసి స్టెతస్కోపు పెట్టి విన్నది. కళ్ళు మూసుకుని ఇంకోసారి విన్నది.

"ఓదినీ అంది" అంది.

మోచెయ్యి రెండు గంటలు పట్టింది.

గొట్టం తీసినప్పుడు నేను గోడకి తిరిగి నిలబడ్డాను. కూత వస్తుందని. రాలేదు. దగ్గు వచ్చింది. తర్వాత ఏడుపు. ఏడుపుకి చప్పుడుంది. బొంగురుగా, చినిగిన డప్పులా, కానీ ఉంది. బయట నుంచి న్యచిర్వా, "అదిగో! అదిగో నా మొండిది!" అని అరవడం వినిపించింది.

నేను కడుగుడు గదికి వెళ్ళి బేసిన్లో నీళ్ళు మార్చాను. మళ్ళీ మార్చాను.

మే 14

కూత లేదు.

మే 15

లేదు.

మే 30

గొంతు రోజూ కాస్త పెరుగుతోంది. పాత గొంతు పూర్తిగా రాకపోవచ్చని, కొంచెం బొంగురు మిగలొచ్చని ఫలేసి న్యచిర్వాకి దాచకుండా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. న్యచిర్వా నన్ను చూసింది. నేను పక్కకి తప్పుకోలేదు.

జూన్ 5, గురువారం

సాయంత్రం గొట్టాలు ఆరబెడుతున్నాను. వాకిట్లో,

"ఓదీ!"

బొంగురు గొంతు. చిన్న గొంతు. తొడ మీద చప్పట్లు లేవు.

నేను పలకలేదు. మర్యాద కాదని తెలుసు. ఇంకోసారి వినాలనిపించింది.

"ఓదీ! ఓదీ తాతా! లోపలే ఉన్నావు, నీ కాళ్ళు కనిపిస్తున్నాయి! పలకవేం, చెవులు కూడా పోయాయా?"

పక్కింటి కోళ్ళు లేచి పరిగెత్తాయి.

"ఓదినీ" అన్నాను. "ఓదినీ, ఓదినీ. రా తల్లీ."

జూన్ 9

లుసుంగు, న్యచిర్వా ఇవాళ పడవలో వెళ్ళిపోతున్నారు. నాకు కళ్ళ ఆపరేషన్ గురువారం. నా చెవులు మాత్రం ముట్టుకోవద్దని కళ్ళ డాక్టర్లకి చెబుతానని ఫలేసి అంటోంది.

ఈ నోటుపుస్తకం ఎవరూ చదవరని మొదట్లో రాశాను. అది తప్పు. ఇసకలో అయితే అల తుడిచేసేది. కాగితం మీద తుడిచేవాళ్ళు లేరు, అందుకే దిద్దుతున్నాను. లుసుంగూ, ఇది నీది. న్యచిర్వా చేతికి ఇస్తున్నాను. ఉసిపాల మూటలో పెడుతుందట, వాసన వస్తే నన్ను తిట్టకు. నువ్వు చదవడం నేర్చుకునేదాకా దాస్తానంది. నీ గొంతు ఎందుకు బొంగురుగా ఉంటుందో అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. ఇందులో ఉంది. దాచిపెట్టింది నేను. చెప్పిందీ నేనే, ఆలస్యంగా. కోపం వస్తే రానివ్వు, మీ అమ్మమ్మకీ వచ్చింది.

జవాబు రాయడం రాకపోతే పడవ ఎక్కి వచ్చెయ్యి, ఆసుపత్రి వెనక రెండు గదులు, నీకు తెలిసిన ఇల్లే.

నీ గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తున్నాననుకో. తోసుకుని లోపలికి రాను. ముసలివాణ్ణి, ఎక్కువసేపు నిలబడలేను. తొందరగా జవాబు చెప్పు.

ఓదీ.